రెండవ ఆటగాడు

గిటారుకు గురువుతో పని లేదని, టీవీ ఉంటే చాలునని నా మనుమరాలు స్తుతి చెప్పినప్పుడు నాకు రోత పుట్టింది. ఆ పిల్ల గిటారుకొక వైరు తగిలించి, దాని రెండవ కొసను టీవీ క్రింది ఆటపెట్టెలో గుచ్చుతుంది. తెరపై రంగుబిళ్లలు జారుతూ వస్తాయి. సరియైన తంతిని మీటితే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు. ప్రత్తిపాడు బడిలో ఏండ్ల తరబడి తెలుగు చెప్పిన నాకు, చెవి మెలిపెట్టని గురువుపై నమ్మకం లేదు.

అయినా ఊరుకొన్నాను. గిటారు వాయించే ఏసుబాబు చనిపోయిన తరువాత మా మందిరంలో వాద్యమే లేదు. ఈస్టరు వేకువ ఆరాధనలో స్తుతి వాయించాలి. ఆ గిటారు కూడ ఏసుబాబుదే. వాడు నా విద్యార్థి. తలుపుసందున నలిగి, నిలువునా చీలి, నల్లబడిన వాడి ఎడమ చూపుడువేలి గోటిని చూచి, “మీ అమ్మచేత గోళ్లు తీయించుకొని రారా” అని కసిరేదానను.

గిటారు తెచ్చి ఇచ్చిన నాడు వాడి తల్లి ఎలీసమ్మ ఒక్క మాట చెప్పింది.

“తంతులు మార్చుకోండి టీచరమ్మగారూ. లోపల మాత్రం దులపొద్దండీ.”

ఎందుకని నేను అడగలేదు. గిటారు కడుపులోనుండి మాత్రం ఒక వాసన వచ్చేది. తడిసిన మిరపరాశి నడుమ కుళ్లిన కాయల వాసన.

ఆ సాయంకాలం ఆకాశం ఒక్కసారిగా మూసుకొంది. కల్లంలో ఎండుతున్న కాయలపై పట్టాలు కప్పడానికి నా కుమారుడు, కోడలు పరుగెత్తారు. కూలికి వచ్చిన ఎలీసమ్మ కూడ అక్కడే ఉంది. ఇంటిలో నేను, స్తుతి. మధ్యాహ్నమంతా తొడిమలు తీసి పిల్ల వేళ్లు మండుతున్నాయి. గులాబీరంగు పూసుకొన్న చిన్నగోళ్ల క్రింద మిరపగింజలు చిక్కుకొన్నాయి. మజ్జిగలో ముంచి, తుడుచుకొని, ఆటకు కూర్చుంది.

ఎరుపు. ఎరుపు. తంతి నొక్కినప్పుడెల్లా “అబ్బా” అంటోంది.

“చాలించవే. వేళ్లు పచ్చిపుండ్లయ్యాయి.”

“ఈ ఆదివారమే కదా నాయనమ్మా. తప్పులొస్తే మందిరమంతా నవ్వుతుంది. ఇంకొక్కసారి.”

ఆకుపచ్చ. ఆకుపచ్చ. మూలుగు ఆగిపోయింది…

“మంట తగ్గిందా?”

“తెలియడం లేదు,” అంది గుసగుసగా. “నేను నొక్కడం లేదు నాయనమ్మా…”

వేళ్లు మాత్రం తంతులపై ప్రాకుతున్నాయి. పిల్ల తెరవైపు చూడడమైనా లేదు. తెరపై ఆంగ్లాక్షరాలు వెలిగాయి: రెండవ ఆటగాడు చేరాడు.

ఉన్నది ఒకటే గిటారు.

వైరు పెరికి, గిటారును లాగుకొన్నాను. తంతులకు పట్టిన జిగట నా అరచేతికి అంటుకొని చీమిడివలె సాగింది. లోపల ఏదో గలగలలాడింది. బోర్లించి దులిపాను.

గోళ్లు రాలాయి.

కత్తిరించిన ముక్కలు కావు. మొదళ్లలో తడి కండ అంటుకొన్న నిండుగోళ్లు. చిన్నవి. వాటిపై… గులాబీరంగు.

గడపలోనే కక్కుకొన్నాను.

తడిసి ముద్దయి వచ్చిన ఎలీసమ్మ నేలవైపు చూచింది.

“దులపొద్దని చెప్పానుగదండీ! పెట్టెలో పడుకోబెట్టే ముందు మా వాడికి స్నానం చేయించి గోళ్లు తీశాం. పారెయ్యబుద్ధి కాక ఆ ముక్కలు ఇందులో వేసుకున్నాను. ఇవి… ఇవి వాడివి కావండీ.”

ఆమె స్తుతి ఎడమచేతిని పట్టి వెలుతురుకు త్రిప్పింది. అన్ని వేళ్లకూ గోళ్లున్నాయి. పచ్చబడినవి, మందమైనవి, మగవాడి గోళ్లు. చూపుడువేలిది నిలువునా చీలి, నల్లగా ఉంది.

కేక వేయబోయాను.

ఎలీసమ్మ ఆ చేతిని తన చెంపకు ఆనించుకొంది.

“బాగా పెరిగినయ్యి నాయనా,” అంది మెల్లగా. “తీస్తా, ఉండు.”

స్తుతి అలవాటైనదానివలె చేయి చాచింది.

పెరికిన వైరు నా పిడికిలిలోనే ఉంది. అయినా తెరపై క్రొత్త పంక్తి వెలిగింది: మొదటి ఆటగాడు ఆట విడిచి వెళ్లిపోయాడు.