పసుపు గీత మీద శెనక్కాయలు

"అమ్మా, మన అంగడి యాడ పెట్టాల?" క్రిస్టినా అడగడం ఇది మూడోసారి.

వాళ్ళమ్మ కృపమణి ఉడకబెట్టిన శెనక్కాయల గంప నెత్తిన పెట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. కడపలో ఆ బజారును మూడు నెలలుగా తవ్వి, ఈ రోజే తెరిచారు. ఇప్పుడు గుంతలు లేవు. కొత్త లైట్లు వచ్చాయి. నున్నటి ఫుట్‌పాత్ వచ్చింది. కానీ ఎవరి చోటు ఏదో ఎవరికీ తెలియడం లేదు.

"మనం కూచునే బండ ఉండె కదే, యాడికి పాయ?" అంది కృపమణి.

ఫుట్‌పాత్ మధ్యలో పసుపు రాళ్ళు వరసగా పరిచారు. వాటి మీద ఉబ్బెత్తు గీతలున్నాయి.

"ఇవెందుకు?" అంది క్రిస్టినా.

"వానకు జారకుండా," అన్నాడు బజ్జీల ఉరుకుందప్ప.

"మన ఊర్లో వాన యాడుండాది మామా?"

"అయితే కాళ్ళనొప్పులకేమో!" పూల ప్రేమమ్మ చెప్పులు విడిచి గీతల మీద నిలబడింది. "అబ్బ, శానా హాయిగా ఉండాది."

అందరూ నవ్వారు. క్రిస్టినాకు స్కూలు గుర్తొచ్చింది. ప్రార్థనలో వరసగా నిలబడటానికి అక్కడ సున్నం గీత ఉంటుంది.

"నాకు తెలిసింది! అంగళ్ళు వరసగా పెట్టుకునేకే ఈ గీత!"

"ఐదో తరగతి బిడ్డ. మనకన్నా దానికే తెలుసు," అంది ప్రేమమ్మ. గంప, పూలబుట్ట, బజ్జీల పొయ్యి, అన్నీ పసుపు గీత మీదికి చేరాయి. క్రిస్టినాకు గర్వంగా అనిపించింది.

సాయంత్రం గోపన్న తాత వచ్చాడు. ఆయనకు చూపు లేదు. ఊదుబత్తీలు అమ్ముతాడు. ఇంటికి పోతూ రోజూ ఒక పొట్లం శెనక్కాయలు కొంటాడు. ఎప్పుడూ గోడ తడుముకుంటూ వచ్చే మనిషి, ఈ రోజు కర్రతో పసుపు రాళ్ళు తడుతూ చకచకా వస్తున్నాడు. ఎందుకో క్రిస్టినాకు అర్థం కాలేదు.

అంతలో ఆయన కాలు గంపకు తగిలింది. గంప దొర్లింది. తాత మోకాళ్ళ మీద పడ్డాడు. కాగుతున్న నూనె బాండ్లి ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది.

"చూసుకోని..." అనబోయి ఉరుకుందప్ప నాలుక కరుచుకున్నాడు.

తాత రాళ్ళను చేత్తో తడిమాడు. "ఈ గీతలు నా మాదిరోళ్ళకే అంట గదప్పా. రోడ్డు పని చేసే ఆయన నన్ను తొక్కించి చూపించినాడు. నేను దావ తప్పినానా, దావే తప్పిందా?"

గీత మీద పెట్టమన్నది క్రిస్టినా అని ఎవరూ చెప్పలేదు. ఆమె తాత చెయ్యి పట్టి లేపింది.

"నేనే చెప్పినా తాతా. అంగళ్ళ గీత అనుకున్యా."

తాత మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. "నేల మీద కూడా రాత ఉంటాదని ఎవరనుకుంటారు లేమ్మా? నాకూ కాళ్ళతో చదివినాకే తెలిసింది."

అంగళ్ళన్నీ గోడ పక్కకు జరిగాయి.

మరుసటి రోజు బడి వదిలాక క్రిస్టినా బజారు మొదట్లో చెప్పులు విప్పి చేత పట్టుకుంది. కళ్ళు మూసుకుని పసుపు గీత మీద నడిచింది. భయమేసింది. అయినా కళ్ళు తెరవలేదు. ఇరవై అడుగుల తర్వాత మోకాలు దేనికో ఠక్కుమని తగిలింది.

"ఏమ్మే, కండ్లు మూసుకోని నడుస్తాండావే?" అని ఒక గొంతు అరిచింది. అరటిపండ్ల వాసన వచ్చింది.

"అవును మామా. నీ బండి రవ్వంత జరుపు. నేనింకా ముందుకు పోవాల."

"కండ్లు తెరిస్తే పక్కన శానా చోటు ఉండాది కదే!"

"తెరవను."

ఆమె అక్కడే నిలబడింది. కొంచెంసేపటికి బండి చక్రాలు కిర్రుమన్నాయి.

క్రిస్టినా పాదంతో గీతను వెతుక్కుని మరో అడుగు వేసింది.