ఎర్రతూము కాడ పలికిన గొంతు

ఈ ముచ్చట నాకు మొదలు చెప్పింది బండ్లు చేసే గులాం. ఆ రాత్రి బండి తోలింది ఆయనే. ఆయన నోట విన్నదే చెప్తున్న, నా మాట ఒక్కటి కలుపలే.

బోధన్ దాటి కాలువ గట్టు పట్టుకొని పోతే ఎర్రతూము వస్తది. పొద్దుగూకినంక ఆడ ఎవలూ బండి ఆపరు. ఎనుకట చెరుకు కొట్టేటోళ్లు అక్కడ గుడిసెలు వేసుకున్నరట. తల్లి కొంగు పట్టుకొని పండుకున్న చిన్నపిల్ల... తెల్లారేసరికి లేదు. కాలువ నీళ్లు ఆపి దేవులాడిండ్రు. చెరుకంత నరికి చూసిండ్రు. గాజుముక్క గూడ దొరకలే.

అప్పటిసంది ఒక మాట పుట్టింది — ఆ జాగల పిల్లలను పేరు పెట్టి పిలువొద్దు. పిలిస్తే ఆడున్న దెయ్యం ఆ పేరు పట్టుకుంటది!

పోచంపాడ్ కట్ట పని నడుస్తున్న కాలం. తమ చెరుకు తోలుడు అయిపోయినంక హన్మవ్వ ఇంటిల్లిపాదితోని గుట్ట మీది దర్గాకు బయలెల్లింది. కందూరు మొక్కుకు కోసేటందుకు మేకపోతు, వండే గంజులు, ఎంట మనుమరాలు తారాబాయి. నాలుగేండ్ల పిల్ల, నోరు మాత్రం పటేల్‌ది.

సరిగ్గ ఎర్రతూము కాడ ఇరుసు విరిగింది.

"గులాం! నువ్వు చేసిన బండేనారా ఇది?"

"బండి నాదే అవ్వా. బరువు నీది."

అందరు నవ్విండ్రు. హన్మవ్వ నవ్వలే. చెరుకు దిక్కు చూసి గొంతు తగ్గించింది.

"ఇయ్యాల రాత్రి నా మనుమరాలి పేరు ఎవలన్న ఎత్తిండ్రా, నాలుక కోస్త. పెంటవ్వ అనుండ్రి. పెంట మీది పేరైతే దెయ్యం ముట్టది."

"నేను పెంటవ్వను గాను!" అన్నది పిల్ల.

"నోర్ముయ్ పెంటవ్వా!"

తిన్నరు. పండుకున్నరు. మంట ఆరింది. హన్మవ్వ నిద్రల చెయ్యి చాపింది... బొంత చల్లగ ఉన్నది.

"పెంటవ్వా..."

సప్పుడు లేదు.

ఇగ సూడు! కందిలి పట్టుకొని ఒకలు, పట్టుకోక ఒకలు, "పెంటవ్వా! పెంటవ్వా!" అని గట్టు పొడుగునా ఉరుకుడే. గులాం తాడు తట్టుకొని మేకపోతు మీద పడ్డడు. అది ఒర్రింది. "దొరికింది! దొరికింది!" అనుకుంట హన్మవ్వ తమ్ముడు లింబయ్య చీకట్ల మేకపోతునే కావలిచ్చుకున్నడు.

హన్మవ్వకు మాత్రం అసలు పేరు గొంతు దాక వచ్చి ఆగింది. పిలిస్తే అది పట్టుకపోతది... పిలువకపోతే కాలువ మింగుతది...

కండ్లు మూసుకొని ఒక్క కేక పెట్టింది — "తారాబాయీ!"

"ఓయ్!"

బండి మీదనే! గడ్డి మోపుల నడుమ నుంచి తల లేపింది పిల్ల.

"ఇందాకటిసంది పెంటవ్వ, పెంటవ్వ! నన్ను ఎవలు పిలిచిండ్రని పలకాలె?"

హన్మవ్వ నవ్వింది, ఏడ్చింది, వీపు మీద ఒకటి చరిచి ముద్దులు పెట్టింది. "పెంటవ్వా, నా పెంటవ్వా!" అని ఊగిపోయింది.

అప్పుడు... కాలువ అవుతల, చెరుకుల నుంచి —

"ఓ... అవ్వా..."

పిల్ల గొంతు. తార ఒడిలనే ఉన్నది. నోరు మూసుకొనే ఉన్నది.

ఎవలూ తల తిప్పలే. ఇరుసు విరిగిన బండి అక్కడికెల్లి ఎట్ల కదిలిందో బండి చేసిన గులాంకే తెల్వది.

మరుసటేడు చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడ చెరుకు కొట్టే ఆడోళ్లకు హన్మవ్వ ఈ ముచ్చట నవ్వుకుంట చెప్పింది. అందరు నవ్విండ్రు. చంద్రవ్వ అనే ఆమె ఒక్కతే నవ్వలే. నెత్తి మీది చెరుకు కట్ట కింద పెట్టింది.

"ఎర్రతూము కాడ పోయింది నా బిడ్డే అవ్వా. పుట్టినోళ్లు బతుకుతలేరని పెంట మీద వేసి తీసుకున్నం. పేరు పెంటవ్వ."

హన్మవ్వ ఆమె దగ్గరికి జరిగింది.

"గొంతు..." చంద్రవ్వ మెల్లగ అడిగింది, "పెద్దగయ్యిందా? ఇంక చిన్నదేనా?"

"చిన్నదే."

చంద్రవ్వ కొంగు నడుముకు చెక్కుకొని కాలువ గట్టు పట్టింది. ఏం విన్నదో, ఎవలకూ చెప్పలే.

మా ఊరి సిద్దిరాములు మాత్రం ప్రతి పెండ్లిల కూసుండి, అది నక్క కూత అని అందరిని నవ్విస్తడు. ఆ రాత్రి ఆయన నిజామాబాద్‌ల పండుకున్నడు, నాకెరుక. నక్క "అవ్వా" అనదు. నా మాట ఆయన వినడు. చదువుకున్నోళ్లు ఎవలన్న ఆయనకు సమజ్ చెయ్యుండ్రి.