ఐసు రూము తలుపు

కాణిపాకం నుంచి ఐరాల పోయే దోవలో, రోడ్డుకు ఎడమపక్క, మూతబడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటుండాది. పొద్దుగూకినాక దాని గేటు ముందర బండి ఆపే మొనగాడు ఆ చుట్టుపక్కల లేడు. లోపలుండే ఐసు రూము మంచిది కాదంటారు. కట్టేటప్పుడే ఒక మేస్త్రీ పైనుంచి పడి చచ్చిపోయినాడంట. అప్పటినుంచి రాత్రిపూట ఆ గది లోపలినుంచి ఎవరో తలుపు తడతారంట. మూడుసార్లు తట్టి, రవంతసేపు ఆగి... మళ్ళీ మూడుసార్లు.

ఆరేండ్ల కిందట, కాయల సీజన్లో, నాగులమ్మ అనే ఆమె రాత్రి డ్యూటీకి వచ్చింది. తెల్లారి చూస్తే ఆ గదిలో బిగుసుకుపోయి ఉండింది. దెయ్యమే లోపలికి లాక్కునింది అన్నారు. ఆ ఏడే ఫ్యాక్టరీ మూతబడింది.

అట్లాంటి చోట మూడు దినాలు రెగే అనే జమైకా పాటల పండగ పెట్టినారు.

బాలచంద్ర తిరుపతి మనిషి. పెద్ద పెద్ద కచేరీలకు స్టేజీ వెనక పనంతా చూసుకునే మేనేజరు. పదహైదేండ్లుగా అదే పని. ఇన్నేండ్లలో ఒక్క పాట మొదటినుంచి చివరిదాకా విన్నది లేదు. ముందర జనం ఊగిపోతా ఉంటే, వెనక ఆయన చూసే లోకం వేరే — జనరేటరులో డీజిల్ ఎంతుంది, ఎవరి గిటారు యాడుంది, డ్రమ్ములు కొట్టే ఆయన అన్నం తిన్నాడా లేదా... మొదట్లో ఆ పనంటే ఉబలాటం ఉండేది. అది ఎప్పుడు పోయిందో ఆయనకే తెలీదు.

ఆవరణ పెద్దది. ఊరికి దూరం. ఎంత సద్దు చేసినా అడిగేవాళ్ళు లేరు. అందుకే ఆ చోటు కుదుర్చుకున్నారు. ఐసు రూము మిషను బాగుచేయించి, ఐసు దిమ్మెలు, కూల్‌డ్రింకులు దాంట్లో పేర్పించినాడు బాలచంద్ర.

"సార్, ఆ రూము జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు వాచ్‌మన్ గోవిందయ్య.

"మరి ఐసు యాడ పెట్టాలప్పా? నీ నెత్తిన పెట్టేదా?"

గోవిందయ్య గేటు పక్కకు వెళ్ళిపోయినాడు.

పనివాళ్ళకు, పాటగాళ్ళకు వంట చేసేదానికి ఐరాల నుంచి కృపామణి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే కాయలు కోసిందంట. పొయ్యి యాడ పెట్టుకుంటావని అడిగితే, చెట్టునీడ వదిలిపెట్టి, ఎండలో, సరిగ్గా ఐసు రూము తలుపుకు ఎదురుగ్గా పెట్టుకునింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

మొదటిరోజు. రెగేలో బేసు గిటారు చెవుల్లో మోగదు — కాళ్ళకింద నేలలోనుంచి కడుపులోకి ఎక్కుతుంది. నిదానంగా, ఆగి ఆగి... రేకులన్నీ దడదడమంటా ఉండినాయి. ఎరుపు, పసుపు, పచ్చ గుడ్డలు కట్టుకున్న పిల్లోళ్ళు కండ్లు మూసుకుని ఊగుతా ఉండినారు. ఒంటిగంటకు పాట ఆగింది.

అంత సద్దు ఒక్కసారిగా పోతే, చెవుల్లో బావిలాంటి ఖాళీ.

ఆ ఖాళీలో... టక్. టక్. టక్.

ఐసు రూము తలుపు!

కేబుళ్ళు చుడతా ఉన్నోళ్ళు చుట్టడం ఆపినారు. గోవిందయ్య టార్చిలైటు ఆ తలుపు మీదికి తిప్పినాడు. "చెప్పినా కదా సార్..." అన్నాడు గొంతులోనే.

భయపడే ఓపిక కూడా బాలచంద్రకు లేదు. పోయి గడియ తీసినాడు. తెల్లటి చలిపొగ ముఖాన కొట్టింది. లోపల, పేర్చిన ఐసు దిమ్మెలు జారి, ఒక్కొక్కటే తలుపుకు తగులుతా ఉండాయి.

"ఐసప్పా... ఐసు!"

అందరూ పగలబడి నవ్వినారు. కృపామణి నవ్వలేదు. లోపలికి పోయి, నాలుగు మూలలూ చూసి, గమ్మున తిరిగొచ్చి పొయ్యి దగ్గర కూర్చునింది.

రెండోరోజు రాత్రి కూడా తట్టింది. ఎవరూ తల తిప్పలేదు. "ఐసుకు నిద్ర పట్టినట్టు లేదు" అని ఎవరో అంటే, ఇంకెవరో ఆవలించినారు. కృపామణి ఒక్కతే లేచిపోయి, గడియ తీసి, చూసి, మళ్ళీ వేసింది.

"ఆమెకేమో అయ్యింది సార్" అన్నాడు గోవిందయ్య.

మూడోరోజుకు బాలచంద్ర మనిషిగా లేడు. మూడు దినాల్లో మూడు గంటలు పండుకున్నాడో లేదో. కాళ్ళు ఎవరివో తగిలించుకున్నట్టు ఉండాయి. చెవులు మొద్దుబారినాయి. ఎవరేం చెప్పినా దూరం నుంచి వినబడతా ఉంది. తల ఊపుతా ఉన్నాడు. ఎందుకు ఊపుతా ఉన్నాడో ఆయనకే తెలీదు.

రాత్రి పదిన్నర. చివరి బృందం స్టేజీ ఎక్కాల. భుజానుండే వాకీటాకీలో ఎవరో అరుస్తా ఉండారు. ఐసు రూము ముందరగా పోతా చూసినాడు — తలుపు జానెడు తెరుచుకుని ఉండాది. చలి అంతా బయటికి పోతా ఉంది.

"ఎవుడ్రా ఇది తెరిచిపెట్టింది!"

కాలితో ఒక్క తోపు తోసినాడు. గడియ వేసినాడు. లోపలికి తొంగిచూడలేదు. వాకీటాకీ నోటిదగ్గర పెట్టుకుని వెళ్ళిపోయినాడు.

ఆ చివరి బృందం రెండున్నర గంటలు వాయించింది. జనం వదల్లేదు. అయిపోయిందనుకుంటే మళ్ళీ ఇంకొకటి. నేల అదురుతానే ఉంది...

ఒంటిగంటకు ముగిసింది. జనం చెదిరిపోయినారు. పెద్ద స్పీకరు పెట్టెలు కిందికి దింపే పని మొదలయ్యింది. ఆ పెట్టెల పని చూసేవాడు పాల్ — ముప్పై ఐదేండ్లవాడు, నోట్లో నాలుక లేని మనిషి. వాడు కనబడలేదు. ఫోను మోగుతా ఉంది, ఎత్తడు.

"యాడన్నా పడి నిద్రపోయింటాడులే" అన్నాడు బాలచంద్ర, చేతిలో సామాను లిస్టు చూస్తా.

అప్పుడు...

టక్.

ఒక్కసారే. మెల్లిగా. రవంతసేపు ఆగి — ఇంకొక్కసారి.

బాలచంద్రకు వినబడింది. ఆ మొద్దుబారిన చెవులకు కూడా వినబడింది. ఐసు, అనుకున్నాడు. మళ్ళీ లిస్టు చూసుకున్నాడు.

పొయ్యి దగ్గర గరిటె కిందపడింది. కృపామణి లేచి పరిగెత్తతా ఉండింది — ఆ వయసులో, చెప్పుల్లేకుండా, కేబుళ్ళ మీద పడతా లేస్తా. గడియ బిగుసుకుపోయింది. రెండు చేతులతో పట్టుకుని లాగింది. రాలేదు. ఒళ్ళంతా బరువేసి లాగింది...

తలుపు తెరుచుకునింది. లోపలినుంచి ఒక మనిషి ఆమె కాళ్ళమీద పడినాడు.

పాల్!

పెదవులు నీలం. చేతివేళ్ళ కణుపులు చీరుకుపోయి, రక్తం కూడా గడ్డకట్టింది. తలుపుకు లోపలిపక్క పిడి ఎప్పుడో ఊడిపోయిందంట. అది ఎవరూ చూసుకోలేదు.

అందరూ బొమ్మల మాదిరి నిలబడిపోతే, ఆమె ఒక్కతే వాణ్ణి పొయ్యి దగ్గరికి ఈడ్చుకుపోయింది. గోనెసంచులు కప్పింది. అరికాళ్ళు రుద్దింది. "కండ్లు మూయొద్దు నాయనా... ఇట్ల సూడు... నా పక్క సూడు" అంటానే ఉంది. చాలాసేపటికి వాడి పండ్లు టకటకలాడినాయి. వణుకు వచ్చిందంటే బతికినట్టే అనిందామె.

వాడు గొణిగినాడు. "చెవులు పగిలిపోతా ఉండె... రవంతసేపు సద్దులేని చోట కూసుందామని పోయినా... తడతానే ఉండా... పాట..."

పాటలో ఎవరికీ వినబడలేదు.

అంబులెన్సు వచ్చి వాణ్ణి చిత్తూరు తీసుకుపోయింది. గండం గడిచినట్టేనని దాంట్లో వచ్చిన ఆయన చెప్పినాడు. పనివాళ్ళు మళ్ళీ పెట్టెలు దింపేదానికి పోయినారు. గోవిందయ్య గేటు వేసేదానికి పోయినాడు.

బాలచంద్ర పొయ్యి పక్కన కూలబడినాడు. ఏడుపు రావాల. రాలేదు. చేతులు మంటకు చాపినాడు. వేడి కూడా తగిలినట్టు లేదు.

"కృపామణక్కా..." అన్నాడు. "ఆ గడియ వేసింది నేనే."

ఆమె కట్టెలు ఎగదోస్తా ఉంది.

"తట్టింది కూడా నాకు వినబడింది. ఐసనుకున్నా... ఉన్నచోటి నుంచి కదల్లేదు."

ఆమె అప్పుడు ఆయన పక్క చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి లేదు. రోడ్డుమీద పోయే బండిని చూసినట్టు చూసింది.

"మేము దెయ్యమనుకున్యాము సార్" అనింది.

"ఎప్పుడు?"

"ఆరేండ్లాయె. ఇదే తలుపు. ఇవతల మేము ఐదుమంది ఆడోళ్ళము ఉండాము. నాగులమ్మ ఇంటికి పోయిందనుకున్యాము. లోపల్నుంచి తట్టింది. మేస్త్రీ దెయ్యమని అందురూ వణికిపోయిరి. ఒకామె తీద్దామని పోతే... నేనే సెయ్యి పట్టుకుని ఆపితిని."

మంట చిటపటమంటా ఉంది.

"తెల్లార్లూ తట్టిందా అక్కా?"

"లేదు సార్." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. "షెడ్డు బయట మోకాళ్ళమీద కూసోని ప్రార్థన చేస్తిమి. మూడుగంటలప్పుడు ఆగిపాయె. దెయ్యం పారిపోయిందని... దేవునికి స్తోత్రం చెప్పుకున్యాము."