సగం సీజన్‌లో వచ్చిన క్యాచర్

"చెయ్యి బల్ల మీద పెట్టండి. వేళ్ళు జర దూరం దూరం పెట్టాలె."

సోమవారం పొద్దున పదింటికి నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గరి స్కానింగ్ సెంటర్‌లో శిల్ప ఆ రోజు మొదటి ఎక్స్‌రే తీయడానికి సిద్ధమవుతోంది. ఎదురుగా ఉన్న పొడుగాటి మనిషి కుడిచేతి మధ్యవేలు వంకాయలా ఉబ్బింది.

"ఏమైంది, తలుపుల పడ్డదా?"

"కాదు మేడం. బాల్ తాకింది."

"క్రికెట్టా?"

అతను శిల్ప వైపు తేరిపార చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "మీ గొంతు ఎక్కడనో విన్నట్టుంటే ఇందాకటి సంది ఆలోచన చేస్తున్న. 'గద్వాల వాళ్ళు వద్దని పారేసినోణ్ణి మనోళ్ళు ఎందుకు ఏరుకొచ్చిండ్రు?' గా గొంతే గదా ఇది."

శిల్ప చేతిలోని స్లిప్ చూసుకుంది. ఇమ్మానుయేల్, ఇరవై ఆరేళ్ళు, గద్వాల.

ఆమె చెవులు వేడెక్కాయి.

విషయం ఏమిటంటే, శిల్పకు బేస్‌బాల్ అంటే పిచ్చి. రెండేళ్ళ కింద ఆరు ఊళ్ళ జట్లతో పాలమూరు లీగ్ మొదలైనప్పటి నుంచి నాగర్‌కర్నూల్ జట్టు ఆడిన మ్యాచ్ ఒక్కటి వదల్లేదు. ప్రతి మ్యాచ్ తర్వాత ఫోన్ ముందు కూర్చుని వీడియో చేసి పెడుతుంది. ఎవరు బాగా కొట్టారు, ఎవరు నిద్రపోయారు, అన్నీ మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. ఎనిమిది వేల మంది చూస్తారు.

సీజన్ సగమయ్యాక జట్లు ఆటగాళ్ళను మార్చుకోవడానికి ఒక వారం టైం ఉంటుంది. ఈ వారమే అది. శనివారం పొద్దున్నే పిడుగులాంటి వార్త. స్టార్ పిచ్చర్ సాయితేజ వనపర్తి జట్టుకు వెళ్ళిపోయాడు. వనపర్తి నుంచి ఒకరు గద్వాలకు, గద్వాల నుంచి ఒక క్యాచర్ నాగర్‌కర్నూల్‌కు. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని, పిచ్చర్ విసిరిన బాల్ పట్టుకునేవాడు క్యాచర్. అట్లాంటివాడి కోసం సాయితేజను వదులుకుంటారా? శిల్ప ఏడు నిమిషాల వీడియోలో కోచ్‌ను కడిగేసింది. కొత్తవాణ్ణి ఉతికి ఆరేసింది.

ఆ ఉతికి ఆరేసిన మనిషి ఇప్పుడు బల్ల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు.

"కదలొద్దు," అంది శిల్ప, ఇంకేం అనాలో తెలియక.

"కదలను. మళ్ళ వీడియో చేస్తరు."

గంటకు రిపోర్టు వచ్చింది. వేలి ఎముకలో సన్నటి పగులు. మూడు వారాలు బాల్ ముట్టొద్దన్నాడు డాక్టరు. ఇమ్మానుయేల్ కవరు పట్టుకుని మళ్ళీ ఎక్స్‌రే గది గుమ్మం దగ్గరికొచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

"మేడం, ఒక్క మాట. ఇది వీడియోల పెట్టకండి."

"పేషెంట్ల ముచ్చట్లు మేం బయట చెప్పం. వీడియో వేరే, ఉద్యోగం వేరే. గాని మీరు కోచ్‌కు చెప్పాలె."

"చెప్తే శుక్రవారం లోపల ఇంకొకణ్ణి తెస్తడు. గద్వాలల బ్యాటింగ్ రాదని పంపిండ్రు. ఈడ వేలు విరిగిందని పంపుతరు. ఇంక నన్ను ఎవలు తీసుకుంటరు?"

బ్యాటింగ్ రాదని శనివారం తనూ అంది, వెక్కిరిస్తూ.

*

మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా కాలేజీ గ్రౌండ్‌కు వెళ్ళింది. ప్రాక్టీసు నడుస్తోంది. ఇమ్మానుయేల్ రెండు వేళ్ళు కలిపి టేపు చుట్టుకుని, ఏమీ కానట్టు క్యాచర్ చోట కూర్చున్నాడు. ఇవతల జట్టు రెండో పిచ్చర్ ఉవైస్ బాల్ వేస్తున్నాడు.

ఉవైస్‌ను తలచుకుంటేనే శిల్పకు నీరసం. చెయ్యి బలమే, కానీ గురి కుదరదు. బేస్‌బాల్‌లో పిచ్చర్ నాలుగు బాల్స్ తప్పుగా వేస్తే బ్యాటర్ కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కు నడిచి పోవచ్చు. ఐదు మ్యాచ్‌ల్లో ఉవైస్ అట్లా ఇరవై రెండు మందిని నడిపించాడు. ఆ లెక్క ఆమె నోటుపుస్తకంలో ఉంది.

ఈరోజు మాత్రం బాల్ పోయి గ్లవ్‌లో టప్పున పడుతోంది. ఒకటి, రెండు, ఆరు, పది. శిల్ప గీతలు పెడుతూ పెడుతూ పెన్ను ఆపేసింది. ప్రతి బాల్‌కు ముందు ఇమ్మానుయేల్ ఏదో సైగ చేస్తున్నాడు. ఉవైస్ తల ఊపి, ఊపిరి వదిలి, అప్పుడు విసురుతున్నాడు. తప్పు పడితే ఇమ్మానుయేల్ లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి ఏదో అంటాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. తర్వాతి బాల్ సూటిగా వస్తుంది.

ముప్పై మంది బ్యాటర్లకు ఒక్కడే నడిచాడు. ఇది సాయితేజకన్నా మేలైన సంగతి. జట్టుకు ఒక్క క్యాచరే రాలేదు, క్యాచర్‌తోపాటు ఒక పిచ్చర్ కూడా వచ్చాడు. తను చూడలేకపోయింది.

కానీ బాల్ వెనక్కి విసిరిన ప్రతిసారీ అతని దవడ బిగుసుకోవడం కూడా ఆమె చూసింది. ఆ గ్రౌండ్‌లో అది ఎందుకో తెలిసినది ఆమె ఒక్కతే.

గేటు బయట చాయ్ బండి దగ్గర అతన్ని పట్టుకుంది.

"ఉవైస్‌కు ఏం చెప్పినవ్?" మీరు కాస్తా నువ్వు అయిపోయిన సంగతి ఆమె గమనించలేదు.

"ఏం లేదు. బాల్ వేసేముందు బ్యాటర్ దిక్కు చూడకు, నా గ్లవ్ దిక్కు చూడు అన్న. తప్పు పడితే అది నా తప్పు, నీది కాదన్న. అంతే."

"ఇరవై రెండు మందిని నడిపించినోడు."

"భయపడ్డడు. సాయితేజ పక్కన ఎవలైనా భయపడతరు."

"మల్ల సాయితేజను ఎందుకు వదిలిండ్రు?"

ఇమ్మానుయేల్ చాయ్ ఊదుకున్నాడు. "ఆయనే పోతనన్నడు. ఇంట్ల ఏదో ఉంది. నాకు కోచ్ చెప్పిండు."

"గట్లయితే నా వీడియో కింద రాయొచ్చు గదా. అంతమంది నిన్ను తిడుతుంటే?"

"ఆయన ఇంటి ముచ్చట నేనెట్ల రాస్త?"

శిల్ప అతని వైపు చూసింది. గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కనురెప్పల మీద గ్రౌండ్ దుమ్ము. ఇంతసేపూ చూస్తున్నానన్న స్పృహ వచ్చి చూపు పక్కకు తిప్పుకుంది.

"ఆదివారం ఎవడన్నా సెకండ్ బేస్‌కు ఉరికితే, వాణ్ణి అవుట్ చేయనీకె ఆ వేలితోని బాల్ అంతదూరం విసరగలవా?"

అతను టేపు చుట్టిన వేలు చూసుకున్నాడు.

"నేను చెప్పను. నువ్వే చెప్పు," అని ఆమె ఆటో ఎక్కింది.

*

బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఇమ్మానుయేల్.

"మంచిగ చెప్పినవ్ శిల్పా."

"ఏం చెప్పిన?"

"కోచ్ పిలిచి, వేలు విరిగిందంట గదా అన్నడు. శిల్పకు ఫోన్ చేసిన అన్నడు. కల్వకుర్తి నుంచి క్యాచర్ రెడీగ ఉన్నడంట, నన్ను ఆడికి పంపుతడంట. శుక్రవారం ఐదింటికి కాగితాల మీద సంతకం. నీ వీడియోకు మస్తు ముచ్చట దొరికింది."

"నీకు గట్ల అనిపిస్తే నేను చెప్పేదేం లేదు," అని పెట్టేసింది.

ఆ సాయంత్రం సారమ్మ వంట పని చేసే హాస్టల్ నుంచి వచ్చేసరికి కూతురు లైటు వేయకుండా కూర్చుని ఉంది.

"ఏమైంది బిడ్డా? టీమ్ ఓడిందా?"

"ఓడలేదమ్మా."

"మల్ల ముఖం గట్లెందుకున్నది?"

"ఒకాయన నేను మాట తప్పిననని అనుకుంటుండు."

సారమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూతురి పక్కన కూర్చుంది. "ఎవరో అనుకుంటే నీకు ఇంత పరేషానేంది?"

శిల్ప ముఖం గోడ వైపు తిప్పుకుంది. సారమ్మ లేచి వెళ్ళేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

గురువారం ఒంటిగంటకు స్కానింగ్ సెంటర్ బెంచీ మీద ఇమ్మానుయేల్ కూర్చుని ఉన్నాడు. పన్నెండు నుంచే ఉన్నాడట. బయట వాన. చొక్కా సగం తడిసి ఉంది.

"టోకెన్ తీసుకున్నరా?" అంది శిల్ప, కావాలని.

"తీసుకున్న. ఇరవై ఏడు." నిజంగానే చీటీ చూపించాడు. "ఎక్స్‌రేకు కాదు. తప్పయింది, అది చెప్పనీకె వచ్చిన."

శిల్ప చేతులు కట్టుకుని నిలబడింది.

"పొద్దున కోచ్ వెంకటన్న అసలు ముచ్చట చెప్పిండు. నేను ఎడమ చేత్తోని చాయ్ తాగుతుంటే చూసి ఆయనకు అనుమానం వచ్చిందంట. నీకు ఫోన్ చేస్తే 'సెంటర్‌ల చూసినయి నేను చెప్పనన్నా, ఆయన్నే అడుగు' అన్నవంట. విరిగిందన్నది ఆయన ఊహించి అన్న మాటేనంట. నేను సగం విని నీ మీద పడ్డ."

"నాకు మస్తు బాధయింది," అంది శిల్ప. అనుకున్నదానికన్నా ఆ మాట మెత్తగా వచ్చింది.

"తెల్సు. నిన్నటి సంది అన్నం తినబుద్ధి కాలే."

బెంచీ మీద ఇరవై ఎనిమిదో టోకెన్ పెద్దమ్మ ఇద్దరినీ చాలా శ్రద్ధగా చూస్తోంది. శిల్ప అతన్ని వరండాలోకి తీసుకెళ్ళింది.

"నువ్వు కల్వకుర్తి పోవుడు నాకు ఇష్టం లేదు," అంది.

"ఎందుకు?"

"టీమ్ కోసం," అంది తొందరగా. "వీడియో చేస్త. నీ వేలి సంగతి చెప్పాల్సి వస్తది. చెప్పమంటవా?"

"చెప్పు. నేనే చెప్పమంటున్న."

*

శుక్రవారం మధ్యాహ్నం అన్నం టైంలో శిల్ప వీడియో పెట్టింది. నాలుగే నిమిషాలు.

"శనివారం నేను తప్పు మాట్లాడిన. క్యాచర్ అంటే బాల్ పట్టెటోడే అనుకున్న. ఇదిగో నా పుస్తకం. ఐదు మ్యాచ్‌ల ఉవైస్ ఇరవై రెండు మందిని నడిపించిండు. మంగళవారం ముప్పై మందికి ఒక్కణ్ణి. మధ్యల మారింది ఒక్కటే, ఎదురుంగ కూర్చున్న మనిషి. ఆయన వేలు విరిగింది, మూడు వారాలు ఆడలేడు. అయితే ఏంది? మన రెండో క్యాచర్ నవీద్ బాల్ పడతడు. ఈయన బెంచీ మీద కూర్చుని సైగలు చేస్తడు. వెంకటన్నా, చేతికి దెబ్బ తాకింది గాని బుర్రకు తాకలేదు. పంపకు."

నాలుగున్నర నుంచి ఆమె ఫోన్ కింద పెట్టలేదు. ఐదు దాటింది. ఐదూ పది. ఎక్స్‌రేకు వచ్చిన ముసలాయన్ని రెండుసార్లు కుడికాలా ఎడమకాలా అని అడిగింది.

ఐదుంబావుకు వెంకటన్న ఫోన్.

"నీ వీడియో చూసి ఆగిన అనుకునేవు. కాదు. ఉవైస్ వచ్చి, ఆయన పోతే నేను బాల్ ముట్ట అని నా ముందల కూర్చున్నడు."

"ఉవైస్‌కు గట్ల ఎందుకనిపించిందన్నా?"

"నీ వీడియో చూసిండంట," అన్నాడు వెంకటన్న కొంచెం ఇబ్బందిగా.

*

ఆదివారం వనపర్తిలో మ్యాచ్. శిల్ప వెంట సారమ్మ కూడా బయల్దేరింది, ఎప్పుడూ లేనిది. ఎందుకమ్మా అంటే, నేను చూడొద్దా అంది.

చివరి ఇన్నింగ్స్‌కు నాగర్‌కర్నూల్ నాలుగు, వనపర్తి మూడు. సన్నటి జల్లు మొదలైంది. వనపర్తివాళ్ళు ఇద్దరు అవుట్, ఇంకొకడు అవుటైతే ఆట ముగుస్తుంది. మూడు బేస్‌ల మీదా మనుషులున్నారు. బ్యాట్ పట్టుకుని వచ్చింది సాయితేజ.

ఉవైస్ మొదటి మూడు బాల్స్ తప్పు పడ్డాయి. ఇంకొక్కటి తప్పితే సాయితేజ ఊరికే నడుస్తాడు, మూడో బేస్ మీదివాడికి పరుగు వచ్చి స్కోరు సమం. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఎనభై మందీ లేచి నిలబడ్డారు. శిల్ప అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఉవైస్ బెంచీ వైపు చూశాడు. ఇమ్మానుయేల్ లేచి నిలబడి టోపీ తీశాడు, తల దువ్వుకున్నాడు, తీరిగ్గా మళ్ళీ పెట్టుకున్నాడు. అది ఏ సైగా కాదు. ఉవైస్ ఫక్కున నవ్వేశాడు.

తర్వాతి బాల్ సూటిగా పడింది. ఒక స్ట్రైక్. మూడు పడితే బ్యాటర్ అవుట్. ఇంకొకటి, సాయితేజ బ్యాట్ ఊపితే గాలి తగిలింది. రెండు. మూడోది తక్కువ ఎత్తులో వచ్చి, బ్యాట్ కిందుగా జారి నవీద్ గ్లవ్‌లో పడింది.

గ్రౌండ్ మీదికి అందరూ ఉరికారు. సాయితేజ బ్యాట్ పక్కన పెట్టి, వచ్చి ఉవైస్‌ను కౌగిలించుకున్నాడు. శిల్ప ఎప్పుడు ఉరికిందో, ఎవరిని తోసుకుంటూ వచ్చిందో ఆమెకే తెలియదు. ఆగేసరికి ఎదురుగా ఇమ్మానుయేల్ ఉన్నాడు. జల్లు కాస్తా వాన అయింది. ఇద్దరూ రేకుల షెడ్డు కిందికి నడిచారు.

"పొద్దున గద్వాల కోచ్ ఫోన్ చేసిండు," అన్నాడు అతను. "వచ్చే సీజన్‌కు మళ్ళ రమ్మన్నడు. రానన్న."

"ఎందుకు?"

"సగం టీమ్ కోసం."

"మిగిలిన సగం?"

రేకుల మీద వాన చప్పుడు. అతను ఆమెకు వినపడేలా దగ్గరగా వంగాడు. "నువ్వంటే నాకు ఇష్టం శిల్పా. తిట్టినప్పుడు గూడ ఆ వీడియో నాలుగుసార్లు చూసిన. నీకిష్టం లేకుంటే చెప్పు, ఆట మంచిగనే ఆడత."

శిల్ప తల వంచుకుంది. ఎనిమిది వేల మందికి గడగడా చెప్పే గొంతు ఒక్కడి ముందు దొరకలేదు.

"మొన్న టీమ్ కోసమని చెప్పిన గదా," అంది చివరికి. "అబద్ధం. నాకోసమే."

అతను నవ్వు ఆపుకోలేక వాన వైపు తిరిగాడు.

వెనక నుంచి సారమ్మ వచ్చింది, తలమీద కొంగు కప్పుకుని. అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"బాబూ, మీ ఇంట్ల ఎవరెవరుంటరు?"

"అమ్మ, నేను. గద్వాలల ఉంటం. నేను కరెంటు పని చేస్త."

"ఆట లేనినాడు ఏంజేస్తవు?"

"పని ఉంటే పనికి పోత. ఆదివారం చర్చికి పోత."

సారమ్మ కూతురి ముఖం చూసింది. బుధవారం చీకట్లో కూర్చున్న ముఖం కాదిది.

"వచ్చే ఆదివారం మ్యాచ్ లేదంట గదా. ప్రార్థన అయినంక ఇంటికి రా, అన్నం తిందువు. మీ అమ్మను గూడ తోల్కరా. నేను ఆమెతోని మాట్లాడాలె."

"వస్తమత్తా," అన్నాడు ఇమ్మానుయేల్. అని నాలుక్కరుచుకున్నాడు.

శిల్ప ముఖం చేతుల్లో దాచుకుంది. సారమ్మ మాత్రం ఏమీ విననట్టే బస్సు వైపు నడిచింది, కానీ వెనక నుంచి చూస్తే ఆమె భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.