ఏడో స్థానంలో పద్రీనో

"మొదట కొట్టేవాడు పరిగెత్తాలి. నీ లావుపాటి పొలాంకో ఫస్ట్ బేస్ చేరేలోపు నా కాఫీ చల్లారిపోతుంది," అన్నాడు రదమేస్.

"చేరతాడుగా నాన్నా. నువ్వు మొదట పంపమనే ఆ మెరుపు కుర్రాడు అసలు చేరడమే లేదు," అంది యానీరిస్, వేగిన పచ్చి అరటి ముక్కల్ని చెక్క మీద అదుముతూ. "పొలాంకో చెత్త బంతుల జోలికి పోడు. నాలుగు వదిలేస్తే బేస్ ఊరికే ఇస్తారు. నడుచుకుంటూ వెళ్తాడు."

"పెళ్ళికి వెళ్తున్నట్టు."

"ఎలా వెళ్తే ఏం, వెళ్ళాడా లేదా?"

పొద్దున్నుంచీ ఇదే గోల. మిలాగ్రోస్ పొయ్యి దగ్గర నుంచి ఒకసారి భర్తనీ, ఒకసారి కూతుర్నీ చూసి, ఆ అదిమిన ముక్కల్ని మళ్ళీ నూనెలో వేసింది. గొడవ పొలాంకో గురించి కాదని ఆమెకు తెలుసు. అసలు గొడవ కొట్టేవాళ్ళ వరుసలో ఏడో స్థానం గురించి. మంగళవారం నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఏడు అన్న అంకె పలకడం లేదు.

మా ఊరు సాన్ పెద్రో బేస్‌బాల్ జట్టుకి పన్నెండేళ్ళుగా నాలుగో స్థానంలో కొట్టేది బియెన్వెనీదో లూగో. ముందు ముగ్గురూ బేస్‌ల మీద నిలబడి ఎదురుచూస్తుంటే, తన దెబ్బతో వాళ్ళను చివరి బేస్‌కి, ఇంటికి చేర్చాల్సినవాడు నాలుగోవాడు. లూగో ఎందరినో చేర్చాడు. యానీరిస్‌ని బాప్తిస్మంలో చేతుల మీద పట్టుకున్న జ్ఞానతండ్రి, ఆమె పద్రీనో, కూడా ఆయనే. అంటే రదమేస్‌కి కొంపాద్రే, తోడబుట్టినవాడికంటే ఎక్కువ.

మంగళవారం పొద్దున రేడియోలో ఆట లెక్కలు చెప్పే ఎలీహియో అనే కుర్రాడు, "లూగోని ఏడో స్థానానికి దించాలి," అన్నాడు. ఊరంతా ఫోన్లు చేసి వాణ్ణి తిట్టింది. రదమేస్ రెండుసార్లు చేశాడు.

మర్నాడు సాయంత్రం ఆ కుర్రాడే కొబ్బరి మిఠాయి పొట్లంతో రదమేస్ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. మా దగ్గర పెద్దవాళ్ళు కనబడగానే పిల్లలు దీవెన అడుగుతారు. అయితే సొంతవాళ్ళనే అడుగుతారు. కంగారులో ఎలీహియో నోరు జారింది.

"దీవించండి, దొన్ రదమేస్."

రదమేస్ రేడియో సౌండు పెంచాడు.

ఆ కుర్రాడు పొట్లం కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాడు. వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని రదమేస్ ఆ రాత్రే చెప్పేశాడు. మిఠాయి మాత్రం తిన్నాడు.

యానీరిస్ తినలేదు. ఆ ఏడో స్థానం ఆలోచన ఎవరిదో ఆమెకు తెలుసు.

అంతకు ముందు వారం వానకి ఆట ఆగినప్పుడు ఆమె స్టేడియం రేకుల కింద కూర్చుని, పల్లీల పొట్లం విప్పి దాని మీద తొమ్మిది పేర్లు రాసుకుంటోంది. పక్కనుంచి ఎవరో తొంగి చూశారు.

"లూగోని ఏడులో రాశారేంటి? ధైర్యమే."

"ధైర్యం కాదు. ఆయన మోకాళ్ళకి ఆదివారం ఆదివారం మందు రాసేది మా అమ్మ. నాలుగులో ఉంటే స్టేడియమంతా ఆయన వయసు లెక్కపెడుతుంది. ఏడులో ఉంటే ఆయన బంతిని చూసుకుంటాడు."

అతను ఆ పొట్లం కాగితాన్ని తన వైపు తిప్పుకుని మళ్ళీ చదివాడు. వాన రేకుల మీద మోగుతోంది.

"నా లెక్కలు కూడా అదే చెప్తున్నాయి. కానీ ఇంత బాగా చెప్పడం లేదు. రేడియోలో చదవనా?"

"చదవండి. నా పేరు మాత్రం చెప్పకండి. మా నాన్న బతకనివ్వడు."

వాన వెలిసినా ఇద్దరూ లేవలేదు. ఆ తర్వాత మూడుసార్లు కలిసి కాఫీ తాగారు. ఊరు తిట్టినప్పుడు ఎలీహియో ఆమె పేరు చెప్పలేదు. రదమేస్ గుమ్మంలో నిలబడి కూడా చెప్పలేదు.

ఇవాళ కూడా పన్నెండింటికి పద్రీనో లూగో వచ్చాడు. ఆదివారం ఆటకి ముందు ఆయన భోజనం ఇక్కడే. గుమ్మం మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకున్నాడు.

"దీవించు పద్రీనో," అంది యానీరిస్.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ."

అన్నం, ఎర్ర చిక్కుళ్ళు, మాంసం బల్ల మీదికొచ్చాయి. గిన్నె అడుగున మాడిన అన్నం గోకి మిలాగ్రోస్ ఎప్పటిలాగే భర్త పక్కన పెట్టింది. ఆ మాడు మీద హక్కు ఆయనదే. లూగోకి కూడా ఎప్పుడూ పెట్టలేదు.

"కొంపాద్రే, ఆ రేడియోవాడి మాటలు పట్టించుకోకు," అన్నాడు రదమేస్. "బంతి పట్టుకోవడం కూడా రానివాడు."

యానీరిస్ చెంచా కింద పెట్టింది.

"ఆ మాట అతనిది కాదు నాన్నా. నాది. ఏడులో రాసింది నేను."

మిలాగ్రోస్ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. రదమేస్ కూతుర్ని చూసే ధైర్యం లేక లూగోని చూశాడు.

లూగో నిదానంగా నమిలి, నీళ్ళు తాగాడు.

"నువ్వేనా? నేను ఆరుకి దిగితే చాలనుకున్నాను."

"ఆరులో నీ వెనక కొట్టేవాడు బలహీనం పద్రీనో. నీకు ఊరికే బేస్ ఇచ్చేసి వాణ్ణి అవుట్ చేస్తారు."

"అదీ నిజమే." లూగో మోకాలు రుద్దుకున్నాడు. "నిన్న మేనేజర్ దగ్గరికి వెళ్ళి నేనే అడిగాను, నన్ను కిందికి జరపమని. ఇవాళ్టి నుంచే. రేడియోలో వినేముందు మీకు చెబుదామని వచ్చాను. నెల నుంచీ అందామనుకుంటున్నా, నోరు రాలేదు రదమేస్. ఆ కుర్రాడు అన్నాక తేలికైంది."

రదమేస్ మాడన్నం పళ్ళాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఊరంతా తిట్టినా వాడు నీ పేరు చెప్పలేదా?" అని కూతుర్ని అడిగాడు.

"లేదు."

"నేను రెండుసార్లు తిట్టినా?"

"రెండోసారి నీ గొంతు గుర్తుపట్టాడట. అయినా చెప్పలేదు."

రదమేస్ తలవంచి మాడన్నాన్ని చెంచాతో మధ్యకి విరిచాడు. ఒక సగాన్ని ఖాళీ పళ్ళెంలోకి తోసి, మీద ఇంకో పళ్ళెం మూత పెట్టాడు.

"పొలాంకో మొదట రావడానికి మాత్రం నేను ఒప్పుకోను," అన్నాడు, ఎవరినీ చూడకుండా. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఆట అయ్యాక ఆ రేడియో కుర్రాణ్ణి ఇంటికి రమ్మను. ఆ రోజు గుమ్మంలో అడిగినది మళ్ళీ అడగమను. ఈసారి దీవిస్తాను."