కొండ దాటిన పాట

సౌదీలోని హాయిల్ ఎండకు బల్లులు కూడా చెప్పుల కోసం వెతుక్కుంటాయి. అంత ఎండలో పరుగెత్తుకొచ్చి డిటెక్టివ్ జనార్దన్ ఆఫీసులో కూలబడ్డాడు లింబాద్రి. అసిస్టెంటు శాంసన్ ఇచ్చిన మంచినీళ్లు గటగటా తాగేశాడు.

“తప్పు ఒప్పుకోమంటున్నరు సారూ. లేకుంటే ఖురూజ్ ముద్ర కొట్టి, వీసా తీసేసి ఇంటికి తోలుతరట. నేను ఒప్పుకోను. పెట్టె బందు పెట్ట.”

పెట్టె అంటే చిన్న ఎఫ్ఎం యంత్రం. లింబాద్రి పనిచేసే గోధుమ పొలాల కంపెనీకి కొండకు అటొకటి, ఇటొకటి క్యాంపులున్నాయి. ఏ పొలంలో పురుగుమందు కొడుతున్నారో ఆఫీసు చెప్పే కబురును పట్టి క్యాంపు రేడియోలకు అందించడమే పెట్టెల పని. రెండింటికీ ఒకటే ఫ్రీక్వెన్సీ. మధ్యలో కొండ ఉంది కనుక ఇన్నాళ్లూ పేచీ లేదు. పడమటి పెట్టె నడిపే లింబాద్రి కబుర్ల మధ్య తెలుగు పాటలు వేస్తాడు. అవి కొండ దాటొచ్చి మందు కబురును మింగేస్తున్నాయని తూర్పు పెట్టె నడిపే భూమేష్ ఫిర్యాదు చేశాడు. తన గదిలో రేడియో పక్కన ఫోన్ పెట్టి రికార్డు కూడా చేశాడు.

ఇసుకలో ఒంటె అడుగు చూసి దాని మేనమామ ఊరు చెప్పగలడని జనార్దన్ మీద శాంసన్‌కు గురి. ఇద్దరూ బయల్దేరారు.

తూర్పు క్యాంపు వంటవాడు స్వామి దగ్గర రేడియో మోగుతోంది. “పాటలా? ఒక్కటన్న వినవడితే నా పప్పు జల్ది ఉడుకు గదా సారూ. మాకు ఉత్త కబుర్లే.”

భూమేష్ గది కిటికీ కిందే అతని పికప్ ఉంది. శాంసన్ అద్దంలోంచి తొంగి చూశాడు. సిగరెట్ లైటర్ కన్నంలో, ఫోన్ పాటలను ఎఫ్ఎంలో పంపి కారు రేడియోలో వినిపించే చిన్న ప్లగ్గు.

హైదరాబాదీ మేనేజరు ఖయ్యూమ్‌ను జనార్దన్ అడిగాడు. “లింబాద్రి ఎలాంటివాడు?”

“పాటల పిచ్చోడు సాబ్. కానీ అజాన్ మొదలైతే పాట ఆపేస్తడు. నమాజ్‌కు పోతూ నేనే వింట, ఒక్కరోజు తప్పలే. ఏమైతేంది, కొండ మీద పెద్ద పెట్టె ఒక్కటే పెడతున్నం. ఇద్దరిలో ఒక్కడే ఉంటడు. రెండోవాడు పొలానికే.”

సాయంత్రం అందరినీ మెస్సులో కూర్చోబెట్టి జనార్దన్ రికార్డు వినిపించాడు. మందు కబురు, దాని నెత్తిన తెలుగు పాట.

“ఇంకేం వినబడుతోంది?”

“ఇంకేముంది, గీని పాటే” అన్నాడు భూమేష్.

ఖయ్యూమ్ మాత్రం తల వంచి విన్నాడు. “వెనక అజాన్ వస్తుంది.”

“కొండకు అటైనా ఇటైనా అజాన్ వేళ ఒకటే. ఆ వేళకు లింబాద్రి పాట ఉండదు. మరి ఇదెక్కడిది? భూమేషే తన పికప్‌లో ప్లగ్గును ఇదే ఫ్రీక్వెన్సీకి తిప్పి, కిటికీ కింద పాట పెట్టాడు. దాని బలం గది వరకే. అందుకే స్వామి రేడియోకు చేరలేదు.” జనార్దన్ భూమేష్ వైపు తిరిగాడు. “ఏళ్లుగా రోజూ ఐదుసార్లు విని విని, అజాన్ నీకు ఫ్యాను చప్పుడైపోయింది. రికార్డులో ఉందని కూడా తెలియలేదు.”

భూమేష్ నేల చూశాడు. “ఎండల పొలం పని శాతగాక చేసిన.”

“ఖురూజ్ వీనికే” అని లేచాడు ఖయ్యూమ్.

“వద్దు సాబ్” అన్నాడు లింబాద్రి. “నా లెక్కనే ఇంటికాడ తినేటోళ్లున్నరు. పొలంల పెట్టుండ్రి, నా పాటలు వినుకుంట పని చేస్తడు.”

“సరే. నువ్వు గూడ పాటలు తగ్గియ్యి” అన్నాడు ఖయ్యూమ్.

లింబాద్రి బయటికి నడిచాడు. కాసేపటికి పడమటి క్యాంపు రేడియోలన్నీ ఒక్కసారే గొంతు సవరించుకున్నాయి.

“లింబాద్రి మాట్లాడుతున్న. యాడికి పోలే. ఇయ్యాల పాటలు రెండెక్కువ.”