పెదవులకు తగిన మాట

పొద్దున్న ఏడింటికల్లా ఆ ఇంట్లో మూడు దేశాలు నిద్ర లేస్తాయి. భోజనాల బల్ల మీద కంప్యూటర్ తెరుచుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కోడలు ఏదో మంచుదేశపు పోలీసు చేత తెలుగులో కేకలు వేయిస్తుంటుంది. ముందు గదిలో అత్త టీవీ పెట్టుకుని, కోడలు నిరుడు రాసిన రాణివాసం కథను రెండోసారి చూస్తుంటుంది. మూడో దేశం కొడుకుది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఒంటి మేజోడుతో రెండోదాని కోసం ఇల్లంతా తిరుగుతుంటాడు.

కోడలిది డబ్బింగ్ మాటలు రాసే పని. ఆస్పత్రి కథలు, దెయ్యం కథలు, రాజుల కాలపు కుట్రలు, ఏ దేశంలో తీసిన సీరియల్ అయినా ఆమె బల్ల మీదికి వచ్చి తెలుగు నేర్చుకుని వెళ్లాల్సిందే. తెర మీద మనిషి పెదవులు ఎక్కడ కలిస్తే అక్కడ పెదవులు కలిసే మాటే పడాలి. బొమ్మను మార్చే హక్కు ఆమెకు లేదు. చచ్చేవాడు చస్తాడు. చస్తూ ఏమంటాడన్నది మాత్రమే ఆమె చేతిలో ఉంటుంది.

ఆ మాటల కోసం ఆమె ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. అత్త నోరు తెరిస్తే సామెతే. ఆవిడ విసిరేసిన మాటల్ని ఏరుకుని కోడలు తెర మీద నాటేది. పరదేశపు మహారాణి తన యువరాజును చూసి "అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడా?" అని నిట్టూరిస్తే, ముందు గదిలోంచి అత్త, "చూశావట్రా, మీ ఆవిడ నా నోరు దోచుకుని కిరీటం పెట్టింది" అనేది.

నాలుగు నెలల కిందట ఆ గొంతు బొంగురుపోయింది. కషాయాలన్నీ అయ్యాక పరీక్ష చేయిస్తే, స్వరపేటికలో ఉన్నది మంచి పుండు కాదని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు డాక్టరు. గురువారానికి మంచం ఖాయం చేశాడు. ఒప్పుదల కాగితం మీద ఈ సాయంత్రంలోగా సంతకం కావాలి. అత్తది మూడు రోజులుగా ఒకటే మాట. వద్దు.

"ఇదంతా నీ సీరియల్ వల్లే," అన్నాడు కొడుకు, రెండో మేజోడు దొరికినా వేసుకోకుండా.

కోడలు హెడ్‌ఫోన్లు తీసింది. "నేనేం చేశానండీ?"

"ఆ ఆస్పత్రి కథలో గాయనికి ఇదే ఆపరేషన్ చేశారుగా. డాక్టరు ముందే అనేసింది అమ్మ, 'నేను ఆ పాటల మనిషిలా అవను' అని. నా పరువు పోయింది. ఆ కథ ఇంకా అవలేదన్నావు కదా. వచ్చే భాగంలో ఆవిడ చేత ఏదైనా మంచి మాట చెప్పించు. ప్రాణం దక్కింది, హాయిగా ఉన్నాను, అలాంటిది."

"ఆవిడ నోరు కదపదండీ. కదలని నోటికి మాటెలా తగిలిస్తాను?"

"మా అమ్మ కంటే నీకు ఎవరివో పెదవులు ఎక్కువయ్యాయి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అలా ఉంది కోడలి పని. ముందు గదిలో టీవీ ఆగింది. అత్త గోడ పట్టుకుని వచ్చి, బల్ల దగ్గర కుర్చీలో చేరగిలబడింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ అంది.

"దాన్నెందుకురా ఆడిపోసుకుంటావు? అది కథని నాకు తెలీదా? ఆ మనిషి చచ్చిపోతుందని కాదు నా బెంగ. బతికింది. ఆపరేషన్ అయ్యాక పది భాగాలు బతికే ఉంది." కోడలి వైపు తిరిగింది. "ఆ పది భాగాల్లో ఆవిడకు ఒక్క మాటైనా రాశావా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. అందులో లేవు."

"అందరూ మాట్లాడుకుంటుంటారు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. కొడుకొచ్చి, అమ్మ తిన్నదా అని నర్సుని అడుగుతాడు. ఎదురుగా ఉన్న తల్లిని అడగడు."

కోడలికి ఆ భాగాలు రాసిన రోజులు గుర్తొచ్చాయి. గాయనికి మాటల్లేవు కాబట్టి పని తేలిగ్గా అయిపోతోందని సంబరపడింది. ఆవిడ పేరు వచ్చిన ప్రతిచోటా, శ్వాస చప్పుడు ఒక్కటే చాలన్న గుర్తుగా 'ఊపిరి' అని రాసి ముందుకు వెళ్లిపోయింది. తలెత్తి అత్త ముఖం చూడలేకపోయింది.

"రాసి చూపించవచ్చమ్మా," అన్నాడు కొడుకు. "గొంతుకు ఆనించుకుని మాట్లాడే యంత్రం కూడా ఉందన్నాడు డాక్టరు."

"నీతో పోట్లాడాలంటే పలక వెతుక్కోవాలా? నేను మొదటి తిట్టు రాసేసరికి నువ్వు మెట్లు దిగిపోయి ఉంటావు."

నవ్వు రావలసిన చోట అతనికి కోపం వచ్చింది. "అయితే పో. ఇలాగే ఉండు. ముట్టుకోకుండా వదిలేస్తే ఆర్నెల్లు కూడా కష్టమన్నాడు. ఆ మాట నీకు చెప్పొద్దని డాక్టర్ని నేనే బతిమాలి, మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

ఆ మాట అనేశాక వెనక్కి తీసుకునే దారి లేదు. వీధి తలుపు దగ్గరికి పోయి, అటు తిరిగి బూట్లు వేసుకోబోయాడు. రెండుసార్లు కట్టినా బూటు తాడు ముడి పడలేదు. అంతస్తుల మధ్య చిక్కుకున్న మనుషుల్ని రోజూ బయటికి లాగే చేతులవి.

అత్త కొడుకు వీపు వైపు చూస్తూ ఏదో అంది. శబ్దం రాలేదు. గొంతు పోయిందేమోనని కోడలు గాభరాపడింది. అత్త కాదన్నట్టు వేలు ఊపి, తన పెదవుల్ని చూపించుకుంది. కావాలనే గొంతు ఆపేసింది. మళ్లీ అంది.

"ఏమంటోంది?" అన్నాడు కొడుకు తిరగకుండానే.

"వెళ్లను అంటోందేమో."

అత్త తల అడ్డంగా ఊపింది. కోడలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇన్ని దేశాల నోళ్లు చదివిన మనిషి, ఇరవయ్యేళ్లుగా ఎదురుగా ఉన్న నోటిని చదవలేక తడబడింది. మూడోసారికి అందింది. అందాక ఒకసారి భర్త వీపు వైపు చూసింది. అత్త ఆమె మోకాలి మీద తట్టింది, కానీ అన్నట్టు.

"భయంగా ఉందిరా," అంది కోడలు. అత్త అన్నట్టే, ఆ యాసతోనే అంది.

కొడుకు గిర్రున తిరిగాడు. నలభయ్యేళ్లలో తల్లి నోట ఆ మాట వినలేదు. ఒక కాలికి బూటుతోనే వచ్చి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు.

"ముందే చెప్పకూడదా అమ్మా?"

పెదవులు కదిలాయి. కోడలు కళ్లు తుడుచుకుంటూ అందించింది. "'ఎప్పుడు చెప్పను? మూడు రోజుల్నించి నువ్వు అరుస్తూనే ఉన్నావు.'"

అతను తల్లి ఒళ్లో ముఖం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిసిపడుతున్నాయి. ఆవిడ అతని జుట్టులో వేళ్లు పోనిచ్చి నిమిరింది. తర్వాత చెయ్యి చాచి, ఒప్పుదల కాగితం తెమ్మన్నట్టు సైగ చేసింది. సంతకం వంకరటింకరగా వచ్చింది. ఆవిడ ప్రాణం నిలుస్తుందో లేదో ఆ కాగితానికీ తెలియదు, ఆ ముగ్గురికీ తెలియదు.

కలం బల్ల మీద పెట్టి, అత్త మళ్లీ పెదవులు కదిపింది. ఈసారి మాట పొడవుగా ఉంది. కోడలు కళ్లార్పకుండా చూసింది. ఒక్క ముక్క పట్టుబడలేదు.

"నాకు అందలేదత్తయ్యా," అంది ఏడుస్తూ. "ఇంకొక్కసారి."

గురువారం దాకా అత్తకు గొంతు ఉంది. వాడితే క్షణంలో తేలిపోయేది. వాడలేదు. కోడలి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, పసిపిల్ల చేత ఓనమాలు దిద్దించినట్టు, మళ్లీ మొదటి నుంచి, నెమ్మదిగా మొదలుపెట్టింది.